సర్కారు తరఫున

తెనాలి కోర్టులో రైతు తరఫున నిలబడాలంటే ప్లీడరుకు వకాల్తా కావాలి. దాని మీద రైతు సంతకమో వేలిముద్రో ఉండాలి, స్టాంపులు అంటించాలి. ప్రభుత్వం తరఫున నిలబడేవాడికి ఇవేవీ అక్కర్లేదు. ప్రభుత్వం పక్షాన హాజరవుతున్నానని చిన్న మెమో రాసిస్తే సరిపోతుంది. నేను అసిస్టెంట్ గవర్నమెంట్ ప్లీడరుగా ఉన్న కాలంలో అలాంటి మెమోలను మా గుమాస్తా కట్టలుగా తీయించి బీరువాలో పెట్టేవాడు. ఈ కక్షిదారు సంతకం పెట్టడు, ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చోడు, ఫీజు దగ్గర బేరమాడడు. ఆ ఫీజు బిల్లు ఎప్పుడు పాసవుతుందన్నది వేరే భారతం.

మా వైపు సర్కారు దావాలంటే ఎక్కువగా లంక భూములవే. రేపల్లె, కొల్లూరు వైపు కృష్ణ ఒకచోట ఒడ్డు కోసుకుపోయి ఇంకోచోట మేట వేస్తుంది. ఆ మేట మీద అరటో పసుపో పెట్టుకున్న రైతు అది తన పట్టా భూమిలో కలిసిందే అంటాడు. ఏటి గర్భం సర్కారుదని 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణ చట్టం చూపించి తహసీల్దారు నోటీసు ఇస్తాడు. రైతు ప్లీడరు దగ్గరికి పరుగెత్తుకొస్తే ఆయన సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద ప్రభుత్వానికి రెండు నెలల నోటీసు పంపుతాడు. గడువు దాటాక దావా పడుతుంది. సమన్లు కలెక్టరాఫీసుకు వెళ్లి, అక్కణ్ణించి తహసీల్దారుకు దిగి, చివరికి ‘పేరావైజ్ రిమార్కులు’ అనే కాగితంగా నా బల్ల మీదికి వచ్చేవి. ప్లెయింటులో ఒక్కో పేరాకు ఒక్కో జవాబన్న మాట. చాలా పేరాలకు జవాబు ఒకటే: వాస్తవం కాదు, వాది రుజువు చేసుకోవలెను. డైగ్లాట్ అనే పాత సెటిల్‌మెంటు రిజిస్టరు నకలూ పాత అడంగల్ నకలూ పంపమంటే వాయిదాలు గడిచేవి గానీ నకలు వచ్చేది కాదు.

అసలు బరువు దావా ఓడిపోయాక మీద పడేది. డిక్రీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా వస్తే, అప్పీలుకు తగునా తగదా అని ప్లీడరు అభిప్రాయం రాసి పంపాలి. ‘తగును’ అని రాస్తే ఎవరికీ బాధ లేదు. ఫైలు పైకి పోతుంది, రైతు మరికొన్నేళ్లు గుంటూరు చుట్టూ తిరుగుతాడు. ‘తగదు’ అని రాస్తే మాత్రం, ఈయన అవతలి పక్షంతో కుమ్మక్కయ్యాడా అన్న చూపు ఒకటి తప్పదు. లంక రైతు ఒకాయన కోర్టు వరండాలో నన్ను నిలేసి అడిగాడు: “ప్లీడరు గారూ, గెలిస్తే పొలం మీదవుద్దా? ఓడితే మీది పోద్దా? మరెందుకండీ ఇంకా పైకి లాగుతారు?” ఆ అడిగిన తీరుకు నాకు కోపం రాలేదు. సర్కారు ప్లీడరు పని గురించి ఇంతకంటే సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

‘తగును, తగదు’ అని చెప్పవలసిన ఈ వరసలో అందరికంటే పైమెట్టు మీద ఉండేది భారత అటార్నీ జనరల్. పత్రికల్లో ఆయన సుప్రీంకోర్టులో వాదిస్తున్నట్టే కనిపిస్తాడు గానీ, రాజ్యాంగం 76వ అధికరణం ఆయన విధుల్లో ముందు చెప్పింది సలహా గురించి. ప్రభుత్వం అడిగిన న్యాయ విషయాల మీద అభిప్రాయం చెప్పాలి, ఆ తర్వాతే మిగతావి. రాష్ట్రపతి నియమిస్తాడు. సుప్రీంకోర్టు జడ్జి కావడానికి ఉండవలసిన అర్హతలు ఉండాలి. దేశంలో ఏ కోర్టులోనైనా నిలబడి మాట్లాడే హక్కు ఉంటుంది. 88వ అధికరణం కింద పార్లమెంటులోనూ మాట్లాడవచ్చు, ఓటు మాత్రం ఉండదు. రాష్ట్రంలో ఇదే కొలతకు కుట్టిన పదవి అడ్వకేట్ జనరల్. 165వ అధికరణం కింద గవర్నరు నియమిస్తాడు. బాపట్లలో ప్రాక్టీసు చేసిన కోన ప్రభాకరరావు గారు 1985లో మహారాష్ట్ర గవర్నరుగా వెళ్లినప్పుడు మా బార్‌లో దీనిమీద ఒక సరదా మాట నడిచింది: బొంబాయి అడ్వకేట్ జనరల్ కుర్చీ ఇప్పుడు బాపట్ల ప్లీడరు చేతిలో ఉందని. అదంతా మంత్రివర్గం సలహా మీద జరిగేదే అని అందరికీ తెలుసు. అయినా అనుకోవడానికి బాగుంది.

ఇంకో విషయం కూడా చాలామందికి తెలియదు. ఢిల్లీలో అటార్నీ జనరల్ గానీ తెనాలిలో నేను గానీ ప్రభుత్వోద్యోగులం కాము. ప్రైవేటు ప్రాక్టీసు చేసుకోవచ్చు. ప్రభుత్వానికి ఎదురుగా మాత్రం నిలబడకూడదు. అటార్నీ జనరల్‌కు 1987 నాటి నిబంధనలు మరికొన్ని హద్దులు గీశాయి. అనుమతి లేకుండా క్రిమినల్ కేసులో ముద్దాయి తరఫున వాదించకూడదు, కంపెనీ డైరెక్టరుగా చేరకూడదు.

కంపెనీ కాలంలో అడ్వకేట్ జనరల్ పదవికీ మా ఊళ్లకూ సంబంధం లేదు. 1802లో మద్రాసు ప్రభుత్వం అదాలతు కోర్టుల కోసం వరసగా చేసిన రెగ్యులేషన్లలో పదోది వకీళ్ల గురించి. మన జిల్లాల్లో వకీలు వృత్తి సర్కారు లెక్కలోకి ఎక్కింది దానితోనే. మద్రాసు అడ్వకేట్ జనరల్ వేరే లోకం. ఆయన ఇంగ్లీషు బారిస్టరు, కోట చుట్టూ ఉన్న నగరపు కేసులు ఆయనవి. గుంటూరు జిల్లావాళ్లకు ఆ పేరు తగిలింది ఒక్క దారిలోనే, ధర్మాదాయాల దారిలో. సత్రమో అన్నదాన నిధో ధర్మకర్త చేతిలో కరిగిపోతోందని దావా వేయాలంటే, 1908 కోడ్‌లో 92వ సెక్షన్ ప్రకారం అడ్వకేట్ జనరల్ అనుమతి కావలసి ఉండేది. మద్రాసు దాకా పోలేనివాళ్ల కోసం 93వ సెక్షన్‌లో ఆ అధికారాన్ని జిల్లాల్లో కలెక్టరు వాడుకునే వీలు పెట్టారు. తెనాలి, బాపట్ల సత్రాల తగాదాల్లో పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు కలిసి గుంటూరు కలెక్టరుకు అర్జీ పెట్టుకోవడం అందుకే. ప్రజల ఆస్తిని ఎవడో తింటుంటే ప్రజల తరఫున అడగవలసిన మొదటి మనిషి ప్రభుత్వ న్యాయవాది అని ఆ సెక్షన్ లోపలి ఊహ. ఆ ఊహ నాకిష్టం. 1976 సవరణతో అడ్వకేట్ జనరల్ అనుమతికి బదులు కోర్టు అనుమతి వచ్చింది. దాంతో కలెక్టరాఫీసు అర్జీలు తగ్గాయి.

మద్రాసు కుర్చీలో మొదట కూర్చున్న భారతీయుడు వి. భాష్యం అయ్యంగార్, 1897లో, అదీ తాత్కాలికంగా. బారిస్టరు కాదు, వకీలు. ఇంగ్లీషు బారిస్టర్ల కంచుకోటకు అది మొదటి బీట. ఆ తర్వాత శంకరన్ నాయర్, శివస్వామి అయ్యర్, ఎస్. శ్రీనివాస అయ్యంగార్ వచ్చారు. ఈ చివరాయన 1920లో ఆ కుర్చీ వదిలేసి కాంగ్రెసులోకి నడిచాడు. దాదాపు ఆ రోజుల్లోనే ఇక్కడ ప్రకాశం గారు ప్రాక్టీసు వదులుకుంటున్నారు, బాపట్ల తాలూకా పెదనందిపాడులో రైతులు శిస్తు కట్టం అంటున్నారు. అదే బాపట్లలో 1913లో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన బయ్యా నరసింహేశ్వర శర్మ మాత్రం 1920లో వైస్రాయి కార్యనిర్వాహక సభలో సభ్యుడయ్యాడు. ఆయన చూసింది రెవెన్యూ, వ్యవసాయం. న్యాయసభ్యుడి కుర్చీ తేజ్ బహదూర్ సప్రూది. మొత్తం భారత ప్రభుత్వానికంటూ ఒక అడ్వకేట్ జనరల్ 1935 చట్టం వచ్చేదాకా లేడు. ఆ పదవిలో మొదటివాడు బ్రోజేంద్రలాల్ మిత్తర్, 1937లో.

ఇక మన గడ్డవాడు. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1883లో నెల్లూరు జిల్లా పూడూరులో పూజారి ఇంట పుట్టాడు. 1929 నుంచి 1944 దాకా, పదిహేనేళ్లు మద్రాసు అడ్వకేట్ జనరల్. ఆ పదిహేనేళ్లలో పైన ఏమేం మారిపోయాయో చూడండి: ద్వంద్వ పాలన పోయింది, జస్టిస్ పార్టీ ఓడింది, రాజాజీ మంత్రివర్గం వచ్చింది, రాజీనామా చేసింది, గవర్నరు పాలన వచ్చింది. కుర్చీలో మనిషి మారలేదు. ఏ ప్రభుత్వమైనా ఆయన అభిప్రాయమే అడిగింది. ఇవాళ ఇది వింటే మా కుర్రాళ్లు నమ్మరు.

అల్లాడి తర్వాత ఆ స్థానంలోకి వచ్చింది పాకాల వెంకట రాజమన్నార్. ‘తప్పెవరిది’ నాటకం రాసిన రాజమన్నారే. బళ్లారి రాఘవ ఆ నాటకాన్ని రంగం మీదికి తెచ్చారని తెనాలిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నాటకాల ఊళ్లో పుట్టినవాణ్ణి కనక, అడ్వకేట్ జనరల్ సాంఘిక నాటకం రాయడం నాకు వింతగా అనిపించదు. రాజమన్నార్ 1945లో జడ్జి అయ్యాడు, 1948 నుంచి 1961 దాకా మద్రాసు ప్రధాన న్యాయమూర్తి. ఆయనతో కలిసి ప్రాక్టీసు చేసిన బావమరిది కోకా సుబ్బారావు. ఇక్కడే బాపట్ల వస్తుంది. సుబ్బారావు మొదట్లో జిల్లా మున్సిఫుగా ఎంపికై బాపట్లలో కొద్ది నెలలు పనిచేశాడు. తర్వాత ఉద్యోగం వదిలి, రాజమన్నార్‌తో కలిసి మద్రాసులో ప్రాక్టీసు పెట్టాడు. బాపట్లలోనే ఉండిపోయి ఉంటే సబ్ జడ్జీగానో జిల్లా జడ్జీగానో పెన్షన్ పుచ్చుకునేవాడేమో. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ తీర్పు రాసి, పార్లమెంటు ప్రాథమిక హక్కులను తగ్గించలేదని కేంద్ర ప్రభుత్వానికే చెప్పాడు.

రాజ్యాంగ ముసాయిదా సంఘంలో ఏడుగురు సభ్యులు. వాళ్లలో అల్లాడి ఒకరు. పదిహేనేళ్లు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి సంఘంలో ఉండగా, 1948లో అచ్చయిన ముసాయిదాలో అడ్వకేట్ జనరల్ గురించి ఒక నిబంధన పెట్టారు. మంత్రివర్గాధినేత రాజీనామా చేస్తే అడ్వకేట్ జనరల్ కూడా పదవి నుంచి దిగాలి, కొత్తవాడు వచ్చేదాకా ఉండవచ్చు, మళ్లీ ఆయన్నే వేయనూవచ్చు. చర్చల తర్వాత ఆ నిబంధన ఎగిరిపోయింది. గవర్నరుకు ఇష్టమున్నంత కాలం అన్నది మిగిలింది. అంటే చట్టం ప్రకారం, ప్రభుత్వం మారినా ఆయన కదలనక్కర్లేదు. తీసేసిన ఆ నిబంధనే తర్వాత దేశమంతా ఆచారమై కూర్చుంది. రాయనిది రాసినదానికంటే గట్టిగా నిలిచింది.

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న వచ్చింది. అల్లాడి మద్రాసులో అక్టోబరు 3న పోయారు. హైకోర్టు 1954 జులై 5న గుంటూరులో మొదలైంది, ప్రధాన న్యాయమూర్తిగా సుబ్బారావు వచ్చాడు. మా సీనియరు గారు ఆ రెండేళ్ల గురించి చెబుతుంటే కళ్లు వెలిగిపోయేవి. తెనాలిలో పొద్దున్నే ప్యాసింజరెక్కి గుంటూరులో దిగి, హైకోర్టులో కేసు చెప్పుకుని, రాత్రి భోజనానికి ఇంటికి వచ్చేవారట. మద్రాసు నుంచి వచ్చిన తెలుగు లాయర్లు అద్దె ఇళ్లు దొరక్క ఒకే ఇంట్లో ఇద్దరేసి సర్దుకున్నారనీ, పుస్తకాల పెట్టెలు విప్పకుండానే మళ్లీ మూటగట్టారనీ అనేవారు. 1956 నవంబరులో కోర్టు హైదరాబాదు వెళ్లిపోయింది.

కొత్త రాష్ట్రపు అడ్వకేట్ జనరల్‌గా డి. నరసరాజు గారు సుప్రీంకోర్టులో నిలబడ్డ కేసుల్లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు ఒకటి. కృష్ణా జిల్లా బస్సు రూట్లను ప్రభుత్వం తీసుకోబోతే ప్రైవేటు బస్సు యజమానులు కోర్టుకెక్కారు. అభ్యంతరాలు విన్నది రవాణా కార్యదర్శి, నిర్ణయించింది ముఖ్యమంత్రి. ఒకడు వినడం, ఇంకొకడు తేల్చడం అంటే అసలు వినకపోవడమేనని మెజారిటీ తీర్పు రాసింది మన పాత బాపట్ల మున్సిఫు గారే. ప్రభుత్వం వెనక్కి వచ్చి, ఈసారి మంత్రి స్వయంగా విని, మళ్లీ తీర్మానించింది. అది 1959లో నిలబడింది. ఓడిపోయిన ప్రభుత్వం తప్పెక్కడో తెలుసుకుని పద్ధతి మార్చుకోవడం ఎలా ఉంటుందో చూడాలంటే ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకు చదవాలి. మా జూనియర్ల చేత అలాగే చదివించేవాణ్ణి.

ఢిల్లీ సంగతి. మొదటి అటార్నీ జనరల్ ఎం.సి. సెతల్వాడ్ 1950 జనవరి నుంచి 1963 దాకా ఉన్నాడు. ముంద్రా వ్యవహారంలో జీవిత బీమా డబ్బు పెట్టుబడి మీద 1958లో చాగ్లా విచారణ సంఘం కూర్చున్నప్పుడు, ప్రభుత్వ న్యాయవాది అయి ఉండీ ఆర్థిక శాఖను కాపాడడానికి చూడలేదు. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశాడు, సెతల్వాడ్ పదవిలో ఐదేళ్లు కొనసాగాడు. ‘తగదు’ అన్నవాడిని నిలుపుకున్న ప్రభుత్వం అది.

దీనికి ఎదురుగా 1976. నేను బార్‌లో చేరిన ఏడు. అత్యవసర పరిస్థితిలో నిర్బంధంలో ఉన్నవాళ్లు కోర్టుకు రావచ్చా అన్న జబల్‌పూర్ కేసులో, పోలీసు ఒకణ్ణి చంపేస్తే దిక్కేమిటని జస్టిస్ ఖన్నా అడిగాడు. అత్యవసర పరిస్థితి ఉన్నంతకాలం దిక్కు లేదన్నది అటార్నీ జనరల్ నిరేన్ డే జవాబు. ఆ జవాబు తెనాలి బార్ అసోసియేషన్ గదిలో రోజుల తరబడి నలిగింది. పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. అంతకు ముందు ఏడాది, ఎమర్జెన్సీ విధించగానే అదనపు సొలిసిటర్ జనరల్ పదవికి ఫాలీ నారిమన్ రాజీనామా చేశాడు. ఇద్దరి పక్షమూ ఒకటే, ప్రభుత్వం. ఒకరు ఉండిపోయారు, ఒకరు వెళ్లిపోయారు.

1977 తర్వాత అటార్నీ జనరళ్ల జాబితా చదివితే ఎన్నికల ఫలితాలు చదివినట్టుంటుంది. జనతా వచ్చింది, ఎస్.వి. గుప్తే వచ్చాడు. 1989లో వి.పి. సింగ్ గెలిచాడు, పరాశరన్ దిగి సొరాబ్జీ ఎక్కాడు. ఏడాదిలో ఆ ప్రభుత్వం పోయింది, సొరాబ్జీ కూడా. పి.వి. హయాంలో మిలన్ బెనర్జీ వచ్చి 1996లో వెళ్లాడు. 1998లో వాజపేయితో సొరాబ్జీ మళ్లీ వచ్చాడు, 2004లో కాంగ్రెసుతో బెనర్జీ మళ్లీ వచ్చాడు. 2014లో వహన్వతి వెళ్లాడు, రోహత్గీ వచ్చాడు. మన రాష్ట్రంలోనూ అంతే. 2019లో ప్రభుత్వం మారితే దమ్మాలపాటి శ్రీనివాస్ స్థానంలో ఎస్. శ్రీరామ్, 2024లో మళ్లీ మారితే మళ్లీ దమ్మాలపాటి. వీళ్లందరూ దిట్టలే. నా ఫిర్యాదు మనుషుల మీద కాదు. తాను వచ్చిన ప్రభుత్వంతోనే పోతానని ముందే తెలిసినవాడికి, ఆ ప్రభుత్వం అడిగినప్పుడు ‘తగదు’ అనడం ఎంత తేలికో నాకు కింది మెట్టు మీద నిలబడి తెలుసు. ప్రభుత్వం మారగానే నా స్థానంలో వేరొకరి పేరుతో జీవో వచ్చింది. బస్తాలు కట్టి అప్పగించాను. జిల్లాల్లో అది మామూలే.

ఆ మామూలుకు ఒకసారి మాత్రం అడ్డుపడింది. ఉత్తరప్రదేశ్‌లో 1990 ఫిబ్రవరిలో ఒక్క సర్క్యులర్‌తో రాష్ట్రమంతటా జిల్లా ప్రభుత్వ న్యాయవాదులను తీసేశారు. శ్రీలేఖా విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. కారణం లేకుండా అందరినీ ఒకే వేటుతో తీసేయడం 14వ అధికరణానికి విరుద్ధమని చెప్పింది. తర్వాతి తీర్పులు దాని పదును కొంత తగ్గించాయి. 2016లో పంజాబ్ కేసులో కోర్టు మళ్లీ, ప్రభుత్వ న్యాయవాదుల ఎంపిక న్యాయంగా, పారదర్శకంగా ఉండాలంది. విచిత్రమేమిటంటే ఈ రక్షణ కింది మెట్ల వాళ్లకే. పైమెట్టు మీద ఉన్నవాడు రాజీనామా కాగితం తానే రాసుకుంటాడు, కోర్టుకెళ్లడు.

ఆంధ్ర, తెలంగాణ బార్ల నుంచి ఇంతవరకు ఒక్కరూ భారత అటార్నీ జనరల్ కాలేదు. కేంద్ర న్యాయశాఖ మంత్రులుగా శివశంకర్, కోట్ల విజయభాస్కరరెడ్డి పనిచేశారు. అడ్వకేట్ జనరల్ కింద అదనపు పదవిలో పనిచేసిన జాస్తి చలమేశ్వర్ సుప్రీంకోర్టుకు వెళ్లారు, ఎన్.వి. రమణ భారత ప్రధాన న్యాయమూర్తే అయ్యారు. కుర్చీలు తెలియనివాళ్లమేం కాదు. మద్రాసు బార్ పరాశరన్‌నూ జి. రామస్వామినీ పంపింది. నా లెక్కలో కారణం తెలివి కాదు, నిలకడ. మద్రాసు బార్ 1862 నుంచి ఒకే ఊళ్లో పెరిగింది. మనది 1954లో గుంటూరు, 1956లో హైదరాబాదు, 2019 జనవరిలో అమరావతి. ప్రతిసారీ కొందరు సీనియర్లు వెనకే ఉండిపోయారు, జూనియర్లు కొత్త ఊళ్లో ఒంటరిగా మొదలుపెట్టారు. ఇప్పుడు తెనాలి కుర్రాళ్లు పొద్దున మోటారు సైకిలెక్కి నేలపాడు హైకోర్టుకు వెళ్లి సాయంత్రానికి వస్తున్నారు. వాళ్లలో కొందరు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదులుగా నియామకాలు కూడా తెచ్చుకున్నారు. ఆ జీవోల్లో గడువు సాధారణంగా మూడేళ్లని ఉంటుంది. వాళ్లు లెక్కపెట్టుకునేది మాత్రం వచ్చే ఎన్నికల దాకానే.